వెలుగును అంచనా కట్టిన రాజా దీనదయాళ్

ఖరగ్‌పూరు రైల్వే కాలనీలోని పాత తెలుగు ఇండ్లలో ముందుగది గోడమీద సామూహిక ఛాయాచిత్ర మొకటి వ్రేలాడుచుండుట తఱచుగ చూచునదే. నడుమ కుర్చీలో మెడనిండ పూలదండలతో ఉద్యోగవిరమణ చేయుచున్న పెద్దమనిషి. ఆయనకు కుడియెడమల అధికారులు. వెనుక బల్లలమీద నిలుచున్న తోడి పనివారు. అడుగున షాపు పేరును, సంవత్సరమును. కాగితము గోధుమవన్నెకు తిరిగినను తాతగారి కండ్లు, టోపీ నీడలో నున్నవైనను, స్పష్టముగనే కనుపించును. ఆ స్పష్టత దానంతటది వచ్చినది కాదు. ఆ దినమున ఆ షాపు ముంగిట ఎండ యెంత యున్నదో, ఆ యెండకు ఫిల్మును ఎంతసేపు తెఱచియుంచవలయునో ఎవరో యొకరు సరిగ లెక్కకట్టిరి. ఆ లెక్క తప్పినచో పూలదండ తెల్లని మరకగ మిగిలి, ముఖము చీకటిలో కలిసిపోయెడిది.

వెలుగును కొలుచు మీటరు లేని కాలమున ఈ లెక్కను కంటితో కట్టి, దానిమీదనే తన జీవనమును, కీర్తిని నిలుపుకొన్నవాడు రాజా దీనదయాళ్. హైదరాబాదు ఆరవ నిజాము కొలువులో ఛాయాగ్రాహకుడుగ ఆయన పేరు తెలుగువారికి పరిచితమే. ఆ కాలపు హైదరాబాదును తలచుకొన్నప్పుడు మన మనస్సున మెదలు చిత్రములలో చాలభాగ మాయన కెమెరానుండి వెలువడినవి. జన్మచేత ఆయన తెలుగువాడు కాడు. ఐనను ఆయన పేరు వెలిగినది మన గడ్డమీదనే. మొదట ఆయన సర్కారు ఉద్యోగి యనియు, ఎస్టిమేట్లు కట్టుటయే ఆయన పని యనియు మాత్రము చాలమంది యెఱుగరు.

దీనదయాళ్ 1844వ సంవత్సరమున మీరటు చేరువనున్న సర్ధనా యను ఊర నొక జైన కుటుంబమున జన్మించెను. వారిది నగల వర్తకుల వంశము. రత్నమును వెలుగున కెత్తిపట్టి పరీక్షించుట ఆ యింటి విద్య. కుమారుడు మాత్రము ఆ వృత్తి చేపట్టక రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చేరెను. గంగ కాలువ త్రవ్వకమునకు పనితెలిసిన మనుష్యులు కావలసి 1847లో నెలకొల్పిన విద్యాలయమది. మన హిజ్లీలో 1951లో మొదలైన ఐ.ఐ.టి.కి అది వయస్సులో నూఱేండ్లకు పైబడిన అన్నగారు, ఐ.ఐ.టి. యను పేరు మాత్రము అన్నగారికి 2001లో గాని దక్కలేదు.

కొలత, గీత, లెక్క, ఈ మూడును దీనదయాళ్ రూర్కీలో నేర్చెను. 1866లో ఇందూరులోని పబ్లిక్ వర్క్సు శాఖ కార్యాలయమున ఎస్టిమేటరుగను, డ్రాఫ్ట్సుమనుగను ఉద్యోగమున కుదురుకొనెను. ఎస్టిమేటు పని యెట్టిదో సర్కారు కొలువులో నున్నవారికి చెప్పనక్కఱలేదు. కట్టని వంతెనకు ఎన్ని యిటుకలు పట్టునో, త్రవ్వని కాలువనుండి ఎంత మన్ను వెడలునో ముందుగనే చెప్పవలెను. తక్కువ చెప్పినచో పని నడుమ నాగును. ఎక్కువ చెప్పినచో పైవారి ప్రశ్నలు వచ్చును. చూడనిదానిని లెక్కతో చూచు ఈ అలవాటు ఆయనకు పదునెనిమిదేండ్లకు పైగ బ్రదుకు తెరువయ్యెను. ఆ పిమ్మట అదియే మఱియొక రూపున ఆయనకు కీర్తి తెచ్చెను.

ఆయన కెమెరాను చేతపట్టినది 1874లో. అప్పటికి ముప్పదియేండ్లవాడు, స్థిరమైన జీతము కలవాడు. ఆఫీసు పని ముగిసిన పిమ్మట సాగించు వ్యసనముగనే అది మొదలయ్యెను. ఇందూరు ప్రభువు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయనను ప్రోత్సహించెను. మధ్యభారతమున గవర్నరు జనరలు ఏజెంటుగ నున్న సర్ హెన్రీ డేలీ కూడ ఆయన పని చూచి మెచ్చి పెద్దల పరిచయములు కలుగజేసెను. 1875-76లో వేల్సు రాకుమారుడు భారతదేశ పర్యటనకు వచ్చినప్పుడు ఆయన చిత్రమును తీయు అవకాశము ఈ పబ్లిక్ వర్క్సు ఉద్యోగికి లభించినది.

అట్టి అవకాశమున నెంత భయ మున్నదో నేటివారికి ఊహించుట కష్టము. ఆనాటి పద్ధతిని తడి పలక పద్ధతి యనుచుండిరి. గాజు పలకమీద కొలోడియను అను జిగురు ద్రవమును సమముగ పోసి, చీకటి గుడారములో వెండి లవణపు నీటిలో ముంచి, అది తడి యారకమునుపే కెమెరాలో పెట్టి చిత్రము తీసి, తిరిగి గుడారములోనికి పరుగెత్తి కడుగవలెను. మన వేసవిలో ఆ తడి నిలుచునది కొలది నిమిషములే. షట్టరను యంత్రము సాధారణముగ లేదు. లెన్సుకు మూతయే తలుపు. మూత తీసి, మనస్సులో అంకెలు లెక్కించి, మూత పెట్టుటయే ఎక్స్‌పోజరు. రెండు లెక్కింపవలసినచోట ఒకటే లెక్కించినచో పలక పలుచనై నీడలన్నియు శూన్యమగును. నాలుగు లెక్కించినచో ఆకాశమును, తెల్లని వస్త్రములును, గోడలును కలిసి యొక్కటే సున్నపు పూత యగును. గుడారములోనుండి బయటికి వచ్చి తప్పు కనుగొనునప్పటికి రాకుమారుడు ఏనుగు నెక్కి వెడలిపోయి యుండును.

కావున వెలుగును ముందుగ అంచనా కట్టవలెను. అందు చేరు అంశము లనేకములు. సూర్యుడెంత ఎత్తున నున్నాడు, మబ్బు పలుచనిదా దట్టమైనదా, ఎదుట నున్నది తెల్ల రాతి గోడయా లేక ఱావిచెట్టు నీడయా, లెన్సు రంధ్రము ఎంత చిన్నది, పలక ఎంత క్రొత్తది, ఇవన్నియు చూడవలసినవే. వీనికితోడు మఱియొక చిక్కు కలదు. ఆనాటి పలకలు నీలపు వెలుగునకు మాత్రమే చక్కగ లోబడెడివి. ఎఱుపునకు దాదాపు గ్రుడ్డివి, పసుపును సగమే చూచునవి. కంటికి తళతళలాడు ఎఱ్ఱని పట్టు పలకమీద నల్లని బొగ్గగును. కంటికి మసకగ నున్న నీలాకాశము తెల్లని కాగితమగును. సాయంకాలపు వెలుగు పసుపుదిరిగినప్పుడు మనకు వెలుగున్నట్లే తోచును, పలకకు మాత్రము చీకటి పడియుండును. అనగా ఆ ఛాయాగ్రాహకుడు తన కన్ను చెప్పినదానిని నమ్మక, ఆ పలక కేమి కనుపించునో తెలిసికొని దానిని నమ్మవలెను. ఎస్టిమేటరు కండ్లకు కనుపించు నేలను విడిచి నేలలోపలి మన్నును లెక్కించునట్టిదే ఇది.

1880 ప్రాంతమున పొడి పలకలు విరివిగ వచ్చెను. జెలటిను పూసిన ఆ పలకలను పెట్టెలో వెంటబెట్టుకొని పోవచ్చును. నెలల పిమ్మటనైనను కడుగవచ్చును. అవి తడి పలకలకంటె ఎన్నో రెట్లు చుఱుకైనవి. చీకటి గుడారము మోయు బాధ తప్పినది గాని, లెక్క మఱింత సున్నితమైనది. రెండు సెకనులలో అరసెకను తప్పినను చెల్లును. సెకనులో పదియవవంతున ఆ పొరపాటు చెల్లదు.

ఆ మార్పు వచ్చిన దినములలోనే దీనదయాళ్ జీవితమున పెద్ద ప్రయాణము తటస్థించెను. డేలీ పిమ్మట ఇందూరులో ఏజెంటుగ వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882లో బుందేల్‌ఖండ పర్యటనకు బయలుదేరుచు ఆయనను తనవెంట తీసికొనిపోయెను. కోటలు, దేవాలయములు, స్తూపములు, ఎండలో తెల్లబాఱిన రాళ్లు, ఆ రాళ్ల నడుమ చీకటి గర్భగృహములు, ఒకే చిత్రమున ఈ రెండింటిని నిలుపుట అంచనా కట్టువానికి గొప్ప పరీక్ష. సాంచీ తోరణములను తీసిన చిత్రములలో శిల్పముల లోతు నీడలు పూడిపోలేదు, ఎండ తగిలిన అంచులు చెదరలేదు. ఆ చిత్రములతో మధ్యభారత ప్రసిద్ధ కట్టడములను గూర్చిన గ్రంథము 1886లో గ్రిఫిన్ పేర వెలువడినది. సర్కారు నౌకరి చేయుచు సెలవుపెట్టి చేసిన పని యది.

ఇక్కడ ఆయన ఎదుట రెండు త్రోవలు నిలిచినవి. ఉద్యోగమున నిలిచినచో ఏటేట జీతము పెరుగును, కొన్నాళ్లకు పింఛను వచ్చును. కెమెరాను నమ్మినచో చేతిలో మిగులునవి గాజు పలకలును, పెద్దల దయయు మాత్రమే. పెద్దల దయ ఎంతకాల ముండునో చెప్పుట ఆకాశమున మబ్బును చెప్పుటకంటె కష్టము. 1885లో వైస్రాయి డఫరిన్ ఆయనను తన ఛాయాగ్రాహకునిగ నియమించెను. ఆ పిమ్మట ఆయన ఉద్యోగమును విడిచెను. అప్పటికి వయస్సు నలుబదికి పైబడినది. ఇంటిలో భార్యయు, కుమారులును ఉండిరి. నౌకరి విడుచుట యన నేమో తెలిసిన మనకు ఈ ఘట్టము ఆయన జీవితమున కల్ల సాహసమైనదిగ తోచును. పులుల వేటలో కెమెరా మోసికొనిపోవుట దీనిముందు చిన్నపని.

1886లో సికింద్రాబాదులో ఆయన స్టూడియో వెలసినది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ అప్పటి కిరువదియేండ్ల యువకుడు. రెండేండ్లముందే పరిపాలనాధికారమును స్వీకరించి యుండెను. వేట, గుఱ్ఱములు, విందులు, దర్బారులు, ప్రతియొక్కటియు చిత్రమునకు యోగ్యమైన వైభవముతో సాగుచుండెడివి. దీనదయాళ్ ఆయన కొలువున ఛాయాగ్రాహకుడయ్యెను. సైనిక ప్రదర్శనలు, రాజభవనములు, అతిథులతో సామూహిక చిత్రములు, ఒకదానివెంట నొకటి పని వచ్చి పడుచుండెను. క్రమముగ స్టూడియోలో పనివారి సంఖ్య యేబదికి మించినది. కడుగువారు, అచ్చులు తీయువారు, చేతితో మెఱుగులు దిద్దువారు, రంగులు వేయువారు, అది యొక చిన్న కార్ఖానాయే. 1894లో నిజాము ఆయనకు రాజా బహాదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుద మొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు, జంగ్ అనగా యుద్ధము. యుద్ధవీరుల కిచ్చు బిరుదును చిత్రములు తీయువాని కిచ్చుట ఆ నిజాము రసికతకు చిహ్నము. 1897లో విక్టోరియా రాణి కార్యాలయమునుండి రాచముద్ర గల నియామక పత్రము వచ్చెను. అంతకు ముందటి యేడు బొంబాయిలో రెండవ పెద్ద స్టూడియో తెఱవబడినది. కుమారులు జ్ఞానచందును, ధర్మచందును తండ్రితోపాటు సంస్థలో పనిచేయుచుండిరి.

ఆ కాలపు స్టూడియోలు వెలుగును బందీచేయు గదులు. ఉత్తరపు దిక్కున అద్దాల గోడయు, అద్దాల కప్పుకొంత భాగమును ఉండెడివి. ఉత్తరమునుండి వచ్చు వెలుగు నేరుగ సూర్యునిది కాదు. ఆకాశమునుండి ప్రతిఫలించినది, నిలుకడ గలది. దానిని నల్లని తెల్లని తెఱలతో జరిపి, దించి, మూసి, ముఖమునకు కావలసినంత మాత్రము పంచుదురు. ఎండలో గంటగంటకు మాఱు వెలుగును స్టూడియోలో కొంతవరకు నిలిపి చూచుట సాధ్యమయ్యెను. ఘోషా పాటించు స్త్రీలకొఱకు 1892లో హైదరాబాదులో ప్రత్యేక స్టూడియో నెలకొల్పబడినది. అందు ఎత్తైన గోడలును, స్త్రీ సిబ్బందియు ఉండగా, శ్రీమతి కెన్నీ లెవిక్ అను ఆంగ్ల వనిత చిత్రములు తీయుచుండెను. పరపురుషుని కంట బడని యిండ్లలోని ముఖములకు కూడ ఈ విధముగ వెలుగు లెక్క యవసరమైనది.

దీనదయాళ్ తన కంటితో చేయుచున్న పనిని యంత్రములకు నేర్పవలెనను ప్రయత్నములు అదే కాలమున దూరదేశములలో సాగుచుండెను. ఇంగ్లండులో ఒక రసాయన కార్ఖానాలో పనిచేయు హర్టరు, డ్రిఫీల్డు అను ఇద్దఱు మిత్రులు పలకమీద వెలుగునకును, నలుపునకును గల సంబంధమును శాస్త్రీయముగ కొలిచి 1890లో ప్రకటించిరి. అదే ప్రాంతమున ఆల్ఫ్రెడ్ వాట్కిన్సు అనునతడు జేబులో పట్టు మీటరును అమ్మకమునకు పెట్టెను. అందలి చిన్న కాగితము ఎండలో క్రమముగ నల్లబాఱును. అది యొక నిర్ణీత వన్నెకు వచ్చుటకు పట్టు సెకనులను గడియారముతో చూచి ఎక్స్‌పోజరు తెలిసికొనవలెను. వీటన్నిటికంటె ముఖ్యమైనది 1873లో, అనగా దీనదయాళ్ కెమెరా చేపట్టుటకు ఒక్క యేడు ముందు, తంతివార్తల ఇంజనీరు విలోబీ స్మిత్ సముద్రగర్భపు తీగెలను పరీక్షించుచు కనిపెట్టిన సంగతి. సెలీనియము అను పదార్థముమీద వెలుగు పడినప్పుడు అందు విద్యుత్తు సులువుగ పాఱును. దాని ఫలము ఛాయాగ్రాహకుని చేతికి వచ్చుటకు దాదాపు అరువదియేండ్లు పట్టినది. 1932లో వెస్టన్ కంపెనీ విద్యుత్తుతో పనిచేయు మీటరును వెలువరించెను. అప్పటికి దీనదయాళ్ గతించి యిరువదియేడేండ్లు.

ఆ మీటరు కెమెరాలోనికి ఎట్లు చేరినదో ఇక్కడ చెప్పుట అప్రస్తుతము కాదు. ఖరగ్‌పూరు ఉద్యోగులలో కెమెరా పిచ్చి గలవారు ఒకప్పుడు మెడలో వ్రేలాడదీసికొని తిరిగిన రేంజ్‌ఫైండర్ కెమెరాలను చూచినవారికి దీనదయాళుని పని యెంతటిదో అప్పుడు గాని తేటపడదు. రేంజ్‌ఫైండర్ కొలుచునది దూరమును, వెలుగును కాదు. రెండు కిటికీలనుండి చూచిన రెండు బొమ్మలను ఒకదానిపై నొకటి సరిపెట్టినప్పుడు దూరము సరియగును. ఆ కిటికీ చూపు లెన్సుగుండ పోదు. కావున లెన్సులోనికి ఎంత వెలుగు చొచ్చుచున్నదో దానికి తెలియదు. ఈ కారణముచేత మొదట మీటరును కెమెరా నెత్తిమీదనే కూర్చుండబెట్టిరి. 1936లో వచ్చిన కాంటాక్సు మూడవ కెమెరాకు పైన సెలీనియము మీటరు అమర్చియుండెను. వెలుగు పడినంతనే సెలీనియము తానే కొంచెము విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తు సన్నని సూదిని కదల్చును. సూది చూపిన అంకెనుబట్టి షట్టరును, లెన్సు రంధ్రమును చేతితో సరిచేసికొనవలెను. బ్యాటరీ యక్కఱలేదు. చీకటిలో మాత్రము సూది నిద్రపోవును.

పిమ్మట కాడ్మియము సల్ఫైడు వచ్చెను. అది తానై విద్యుత్తును పుట్టింపదు. వెలుగు హెచ్చినకొలది బ్యాటరీనుండి వచ్చు విద్యుత్తునకు త్రోవ విడుచును. కన్ను చిన్నది, చూపు చుఱుకు. 1966లో జపానునుండి వచ్చిన యాషికా ఎలక్ట్రో 35 కెమెరాలో రంధ్రమును మనము నిర్ణయించినచో షట్టరు వేళను యంత్రమే నిర్ణయించును. వెలుగు చాలనిచో పసుపు దీపము, హెచ్చినచో ఎఱ్ఱ దీపము వెలుగును. రైలువారికి సిగ్నలు దీపముల భాషలో చెప్పినట్లే యుండును. 1971లో లైకా ఎం 5 కెమెరాలో మీటరు కన్ను లెన్సు వెనుకనే సన్నని చేతిమీద నిలిచి, మీట నొక్కినంతనే ప్రక్కకు తప్పుకొనునట్లు చేసిరి. 1984లో వచ్చిన ఎం 6లో అట్టి చేయి కూడ లేదు. షట్టరు తెఱమీద తెల్లని గుండ్రని చుక్క యొకటి పూసిరి. లెన్సుగుండ వచ్చిన వెలుగు ఆ చుక్కమీద పడి ప్రతిఫలించి సిలికాను కంటిని చేరును. చూపు కిటికీలో రెండు ఎఱ్ఱ త్రికోణములు ఎటు త్రిప్పవలెనో చెప్పును.

ఇంత చేసినను ఈ యంత్రములన్నిటికి ఒక్క మూఢనమ్మకము కలదు. ఎదుట నున్న ప్రతి వస్తువును నడితరపు బూడిదవన్నెదే యని, తనమీద పడిన వెలుగులో సుమారు నూటికి 18 పాళ్లు వెనుకకు విడుచునదే యని అవి తలంచును. ఆవిరి యింజనుల కాలమున ఖరగ్‌పూరు షెడ్డులో నల్లని యింజను నొకదానిని దగ్గఱనుండి తీసిన ఔత్సాహికునికి ఈ సంగతి అనుభవమున నున్నదే. నలుపు వెలుగును తక్కువగ విడుచును. అంతమాత్రమున మీటరు ఇచట చీకటియని భ్రమించి హెచ్చు ఎక్స్‌పోజరు కోరును. ఇంజను బూడిదరంగై, ప్రక్క నిలిచిన ఫైర్‌మాను ముఖము సున్నమువలె వచ్చును. వేయి మీటర్లకు మించిన మన ప్లాట్‌ఫారముమీద మిట్టమధ్యాహ్నము తెల్లని దుస్తులతో నిలిచిన గార్డును తీయునప్పుడు దీనికి తలక్రిందుగ జరుగును. వస్త్రపు తెలుపు మీటరును మోసపుచ్చును, ఎక్స్‌పోజరు తగ్గును, వస్త్రము మాసినట్లు, ముఖము గుర్తింపరానట్లు వచ్చును. నల్లని వస్తువునకు మీటరు చెప్పినదానికంటె ఒకటి రెండు మెట్లు తగ్గించియు, తెల్లనిదానికి పెంచియు తీయవలెనని తెలిసినవారు చేయుదురు. ఒక మెట్టన వెలుగు సగమగుట, లేదా రెట్టింపగుట. ఆ సవరణ చేయునది యంత్రము కాదు. ఎదుట నున్నది ఇంజనో, గార్డో చూచిన మనిషి.

దీనదయాళ్ చేసినది పూర్తిగ ఆ సవరణ పనియే. ఆయనకు సవరించుటకు సూది చెప్పిన అంకె కూడ లేదు. సంస్థానపు సామూహిక చిత్రములలో తెల్లని అంగరఖాలు, నల్లని సూట్లు, చామనచాయ ముఖములు, ఎండలో మెఱయు పతకములు ఒకే పలకమీద నుండెడివి. ముఖములకు తగినంత వెలుగిచ్చినచో అంగరఖా మడతలు మాయమగును. మడతలు నిలుపుకొన్నచో ముఖములు నల్లబడును. జనులను మండుటెండనుండి వరండా చాయకు తరలించుట, వెన్నుమీద ఎండ పడకుండ కూర్చుండబెట్టుట, ఉదయపు వేళనే పిలిపించుట, ఇవి ఆ కాలపు ఛాయాగ్రాహకుల ఉపాయములు. వైస్రాయి నైనను, నిజాము నైనను కుర్చీ కొంచె మిటు జరుపుడని కోరగల చనువు ఛాయాగ్రాహకునికే చెల్లినది.

1902లో వైస్రాయి కర్జను దంపతులు నిజాము రాజ్యమునకు వచ్చినప్పుడు వరంగల్లు సీమలోని నెక్కొండ చేరువ అడవిలో పులివేట జరిగినది. చచ్చిన పులి ముందు నిలిచిన కర్జను దంపతుల చిత్రము లోకప్రసిద్ధమైనది. అడవిలోని వెలుగు ఆకులగుండ చెదరి పడునది, కంటికి నిలువనిది. ఐనను పులి చారలును, దొరసాని దుస్తుల తెలుపును రెండును అందు నిలిచినవి. ఆ చిత్రమును చూచిన వారు వైభవమును చూతురు. అంతకు రెండు మూడేండ్లముందు, 1899-1900 కఱవులో, అదే నిజాము రాజ్యమున కఱవు పనులను, పనికి వచ్చిన బక్కచిక్కిన జనమును కూడ దీనదయాళ్ సంస్థ చిత్రించినది. దర్బారునకు తగిన వెలుగు వేఱు, కఱవు పనులచోట రాళ్లు కొట్టువారిమీద పడు ఎండ వేఱు. ఈ రెండవ తరగతి చిత్రములు మొదటి వానికంటె తక్కువ ప్రసిద్ధము లగుట విచారకరము. ఆయన పనితనమును నిజముగ తెలిసికొనగోరువారు వానినే ముందు చూడవలెను.

ఆయన చివరి సంవత్సరములలోనే బెంగాలు నాగపూరు రైల్వే ఖరగ్‌పూరునొక కూడలిగ రూపొందించుచుండెను. 1900 నాటికి హౌరాకు త్రోవ తెఱచుకొన్నది. ఆ పనులవెంట తీరమునుండి తెలుగువారు కదలివచ్చి ఇచట కుదురుకొనుటకు మొదలిడిరి. సికింద్రాబాదులో దీనదయాళ్ స్టూడియో గోడలమీద దొరల చిత్రములు వ్రేలాడుచున్న దినములలో ఇచట సాలుచెట్ల నడుమ ఎఱ్ఱమట్టిలో క్వార్టర్లు లేచుచుండెను. ఆ క్వార్టర్ల గోడలమీదికి ఛాయాచిత్రము చేరుటకు ఇంకను కొంతకాలము పట్టినది. రాజులకే చెల్లిన కళ గుమాస్తాకు, ఫిట్టరుకు, ఫైర్‌మానుకు కూడ అందుబాటునకు వచ్చుట పొడి పలక, ఫిల్ము, చిన్న కెమెరా వీని పుణ్యమే.

పెద్దల దయను గూర్చిన అంచనా మాత్రము దీనదయాళునకు కడవరకు సరిగ కుదరలేదు. వైభవమునకు తగినట్లు ఖర్చులు పెరిగినవి. స్టూడియోల భారము పెరిగినది. పోటీగ క్రొత్త స్టూడియోలు వెలసినవి. చేతికెమెరాలు వచ్చి సంపన్నులు తమ చిత్రములు తామే తీసికొన నారంభించిరి. 1904లో కుమారుడు ధర్మచందు మరణించెను. ఆ దుఃఖమునుండి తండ్రి కోలుకొనలేదు. 1905వ సంవత్సరము జులై 5వ తేదీన రాజా దీనదయాళ్ కన్నుమూసెను. సంస్థను జ్ఞానచందు కొనసాగించెను గాని, తండ్రినాటి వెలుగు దానికి తిరిగి రాలేదు.

ఆయన పోయిన పిమ్మట మిగిలినవి గాజు పలకలు. గాజునకు శత్రువులు చాలమంది. చేయి జారినచో పగులును. తేమ పట్టినచో జెలటిను లేచిపోవును. స్థలము చాలక పాత పలకలను కడిగి అద్దములుగ అమ్ముకొన్న స్టూడియోలు దేశమున ఎన్నియో కలవు. దీనదయాళ్ వంశీయులు తమ పలకలను చాలవఱకు కాపాడిరి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము వారినుండి 2,857 గాజు నెగెటివులను సేకరించి భద్రపఱచినది. 2006లో తపాలాశాఖ ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించినది.

నెగెటివును వెలుగున కెత్తిపట్టి చూచినచో లోకము తలక్రిందైనట్లుండును. తెల్లని అంగరఖా నల్లగను, చీకటి ద్వారము తెల్లగను కనుపించును. ఎక్స్‌పోజరు కుదిరిన పలకలో మిక్కిలి నల్లనైన భాగమున కూడ వస్త్రపు మడతలు గుర్తింపవచ్చును. మిక్కిలి పలుచనైన భాగమున కూడ గుమ్మము లోపలి నేల కొంచెము కనుపించును. నూఱేండ్లకు మించిన ఆ పలకలనుండి నేటికిని అచ్చులు తీయగలుగుచున్నారు.